కాంట్రాక్టర్‌కి ఏం గుర్తుంటుంది?

మన సినిమాల్లో కాంట్రాక్టర్‌ది ఎప్పుడూ ఒకటే వేషం. తెల్ల చొక్కా, వేళ్ళకి ఉంగరాలు, సిమెంటు తగ్గించి ఇసుక పెంచే బుద్ధి. కథల్లోనూ పెద్ద తేడా ఉండదు. టెండరు పట్టడం, పర్సంటేజీలు పంచడం, బిల్లు పాస్ చేయించుకోవడం, ఇవే అతనికి వచ్చిన విద్యలు. ఒక ఆనకట్ట గురించి మాట్లాడుకునేటప్పుడు డిజైను గీసిన ఇంజనీరు పేరు చెప్తాం, శంకుస్థాపన చేసిన నాయకుడి పేరు శిలాఫలకం మీద చదువుతాం. టెండరు పాడుకుని కట్టినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. గోదావరి జిల్లాల్లో తిరిగితే కాటన్ దొర విగ్రహం ఏదో ఒక కూడలిలో ఎదురవుతూనే ఉంటుంది. కాంట్రాక్టర్ విగ్రహం మాత్రం నేనెక్కడా చూడలేదు.

అది న్యాయమేనేమో కూడా. కానీ దానివల్ల ఒక ప్రశ్న మన చూపులోంచి జారిపోయింది. కట్టడం కాగితం మీంచి నేల మీదికి ఎలా వస్తుంది? ఇక్కడ 56 అడుగుల వ్యాసంతో సొరంగం అని డ్రాయింగులో ఉంటుంది. రోజుకి ఎన్ని అడుగులు తవ్వాలి, తవ్విన రాయి ఎటు పోవాలి, డ్రిల్లు పట్టుకున్నవాడు ఎక్కడ నిలబడాలి, ఇవేవీ డ్రాయింగులో ఉండవు. తేల్చుకోవాల్సింది కట్టేవాడే. తేల్చుకునే తిప్పల్లోంచే కొత్త పద్ధతులు పుడతాయి.

చిక్కేమిటంటే, ఫ్యాక్టరీకున్న వెసులుబాటు కట్టుబడి పనికి లేదు. ఫ్యాక్టరీ ఉన్నచోటే ఉంటుంది. అవే యంత్రాలు, వాళ్ళే మనుషులు, అదే సరుకు. నిన్నటి పొరపాటు ఇవాళ దిద్దుకోవచ్చు. కట్టుబడిలో ప్రతి సైటూ కొత్తదే. నది వేరు, రాయి వేరు, ఎండ వేరు. పని అయిపోగానే షెడ్లు పీకేస్తారు, మనుషులు తలో దిక్కూ పోతారు. మరి అక్కడ నేర్చుకున్నదంతా ఏమవుతుంది? ఒక కంపెనీకి ‘గుర్తుండటం’ అంటే అసలేమిటి?

ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే నాకు అన్నిటికంటే బాగా దొరికిన ఉదాహరణ అమెరికాలోని హూవర్ డ్యామ్ కట్టిన కాంట్రాక్టర్లది. ఆ కథ డ్యామ్‌తో ఆగదు. ఒక సిమెంటు ఫ్యాక్టరీ, ఒక ఆసుపత్రి, వందలాది ఓడల మీదుగా పదిహేనేళ్ళు నడుస్తుంది. ఆ పదిహేనేళ్ళలో వాళ్ళు ముక్కున వేలేసుకునేంత వేగంగా నేర్చుకున్న సంగతులున్నాయి. కళ్ళెదుట మనుషులు పోతున్నా నేర్చుకోని సంగతులూ ఉన్నాయి.

ఒక మనిషి తలలో ఉన్న డ్యామ్

1931 మార్చి 4న డెన్వర్‌లో ఆ డ్యామ్ టెండర్లు తెరిచారు. కట్టించేది అమెరికా ప్రభుత్వపు సాగునీటి శాఖ, బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. నెవాడా, అరిజోనా రాష్ట్రాల మధ్య ఇరుకైన లోయలో, కొలరాడో నదికి అడ్డంగా, 726 అడుగుల ఎత్తు. అప్పటికి ప్రపంచంలో అంత ఎత్తు డ్యామ్ ఇంకోటి లేదు. ఒక్క కంపెనీ నెత్తికెత్తుకునే పని కాదు. పూచీకత్తుకే 50 లక్షల డాలర్లు కావాలి. అందుకని యూటా కన్‌స్ట్రక్షన్, మోరిసన్-నూడ్సన్, బెక్టెల్, కైజర్ వంటి పశ్చిమ రాష్ట్రాల కాంట్రాక్టర్లు చేతులు కలిపి ‘సిక్స్ కంపెనీస్’ అని ఒక సంస్థ పెట్టుకున్నారు. వాళ్ళు వేసిన టెండరు సుమారు 4 కోట్ల 89 లక్షల డాలర్లు. తర్వాతి టెండరు దీనికంటే 50 లక్షలు ఎక్కువ. అసలు విశేషం అది కాదు. ప్రభుత్వ ఇంజనీర్లు లోపల వేసుకున్న అంచనాకీ, వీళ్ళ అంకెకీ తేడా 24 వేల డాలర్లేనట.

మన దగ్గరైతే ఇంత దగ్గరి అంకె చూడగానే ఎస్టిమేటు లీకయిందంటాం. ఒక రకంగా లీకే. కాకపోతే కాగితాల ద్వారా కాదు, ఒక మనిషి ద్వారా. సిక్స్ కంపెనీస్‌కి ఆ అంచనా కట్టినవాడు ఫ్రాంక్ క్రో. 1905లో రిక్లమేషన్ సర్వీసులో చేరి ఇరవయ్యేళ్ళు ప్రభుత్వానికి డ్యాములు కట్టాడు. ఐడహోలో ఆరోరాక్ డ్యామ్ దగ్గర పనిచేశాడు. 1915లో అది పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన డ్యామ్ అదే. లోయకి అటూ ఇటూ ఉక్కు తీగలు కట్టి, వాటి మీద కాంక్రీటు బకెట్లు నడిపి, కావలసినచోట దింపే కేబుల్‌వే పద్ధతిలో అతను చెయ్యి తిరిగింది అలాంటి పనుల దగ్గరే. ప్రభుత్వంలో ఉండగానే ఈ కొలరాడో డ్యామ్‌కి తొలి అంచనాల్లోనూ అతని చెయ్యి ఉంది.

1925 ప్రాంతంలో ప్రభుత్వం సొంతంగా కట్టడం తగ్గించి, పనులు కాంట్రాక్టుకి ఇవ్వడం మొదలుపెట్టింది. బల్ల ముందు కూర్చుని ఇతరుల పని తనిఖీ చేయడం క్రోకి పడలేదు. మోరిసన్-నూడ్సన్‌లో చేరిపోయాడు. అక్కడా ఆరేళ్ళలో గర్న్‌సీ, వాన్ గీసెన్, డెడ్‌వుడ్, ఇలా డ్యామ్ తర్వాత డ్యామ్. ఇరవయ్యేళ్ళు ప్రజల డబ్బుతో నేర్చుకున్న విద్య ఒక్క రాజీనామాతో ప్రైవేటు ఆస్తి అయింది. ప్రభుత్వం తన విద్యనే తర్వాత టెండరు పిలిచి కొనుక్కుంది. పబ్లిక్ వర్క్స్ శాఖల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

క్రో ఒంటరిగా కూడా రాలేదు. ఫోర్‌మన్లు, కేబుల్‌వే నడిపేవాళ్ళు, సొరంగాలు తవ్వేవాళ్ళు ఒక డ్యామ్ నించి ఇంకో డ్యామ్‌కి పెళ్ళాం పిల్లల్తో అతని వెంట తిరిగేవారు. మనవైపు మేస్త్రీ వెనక గుంపు నడిచినట్టే. ఫ్యాక్టరీ తన నేర్పుని యంత్రాల అమరికలో దాచుకుంటుంది. అప్పటి కాంట్రాక్టరు తన నేర్పుని ఈ తిరిగే గుంపులో దాచుకున్నాడు. కంపెనీ పేరు, బ్యాంకు ఖాతా మారినా, గుంపు చెదరకపోతే జ్ఞాపకం చెదరదు.

ముప్ఫై డ్రిల్లులున్న లారీ

కాంట్రాక్టులో ఒక షరతుంది. 1933 అక్టోబర్ 1 నాటికి నదిని పక్కకి మళ్ళించాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 3,000 డాలర్ల జరిమానా. మళ్ళించడానికి లోయకి రెండు వైపులా కొండల్లో నాలుగు సొరంగాలు తవ్వాలి. అన్నీ కలిపి మూడు మైళ్ళ పొడవు. ఒక్కో సొరంగం వ్యాసం 56 అడుగులు, అంటే అయిదంతస్తుల మేడ ఎత్తు. పాత పద్ధతిలో రాతి గోడకి పరంజా కట్టి, మనుషులు పైకెక్కి, డ్రిల్లులతో కన్నాలు వేసి, మందు దట్టించి, పరంజా విప్పి, పేల్చి, రాళ్ళు ఎత్తిపోసి, మళ్ళీ పరంజా కట్టాలి. సగం పొద్దు పరంజాకే సరిపోతుంది.

క్రో కింద పనిచేసిన వుడీ విలియమ్స్ దీనికో ఉపాయం ఆలోచించాడు. పాత సైనిక లారీల మీద అంతస్తులుగా ఉక్కు చట్రం కట్టి, దానికి రెండు డజన్లకు పైగా డ్రిల్లులు బిగించాడు. దాని పేరు జంబో. లారీ వెనక్కి నడిపి సొరంగం ముఖానికి ఆనించి, అన్ని డ్రిల్లులూ ఒకేసారి నడిపించడం, పేల్చేముందు లారీని బయటికి తీసుకుపోవడం, అంతే. పరంజా చక్రాలెక్కిందన్నమాట. నది 1932 నవంబర్‌లోనే దారి మళ్ళింది, గడువుకి దాదాపు పదకొండు నెలల ముందు.

పెద్ద కనిపెట్టుబడుల వెనక చాలాసార్లు ఇలాంటి మామూలు చికాకే ఉంటుంది. పనిలో రోజూ వృథా అయ్యే గంట ఎవరికో కనబడుతుంది. ఆ గంటకి డాలర్లలో ధర ఉంది కాబట్టి అతని మాట పైవాళ్ళు వింటారు.

కింది నించి వచ్చిన సంగతులూ ఉన్నాయి. లోయ గోడల మీద వదులు రాళ్ళు గీకడానికి తాళ్ళకి వేలాడుతూ మనుషులు పనిచేసేవారు. పైనించి రాళ్ళు పడి కిందివాళ్ళ తలలు పగిలేవి. కార్మికులే తమ గుడ్డ టోపీలని తారులో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి గట్టి టోపీలు చేసుకున్నారు. అవి తలలు కాపాడుతున్నాయని చూశాక కంపెనీయే గట్టి టోపీలు తెప్పించి పంచింది.

కట్టించే ప్రభుత్వమూ తన వంతు నేర్చుకుంటూనే ఉంది. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అంత పెద్ద కాంక్రీటు ముద్ద తనంతట తాను చల్లారాలంటే వందేళ్ళకి పైనే పడుతుందనీ, ఈలోగా బీటలిస్తుందనీ బ్యూరో ఇంజనీర్లు లెక్కగట్టారు. డ్యామ్‌ని విడివిడి దిమ్మెలుగా పోసి, లోపల సన్నటి గొట్టాలు పరిచి, వాటిలో చన్నీళ్ళు పారించాలన్నది వాళ్ళ ఆలోచన. దాన్ని హూవర్ దగ్గర తొలిసారి చేసి చూడలేదు. అంతకుముందే ఓరెగన్‌లో కడుతున్న ఓవైహీ డ్యామ్‌లో కొంతమేర పరీక్షించారు. హూవర్‌లో పరిచిన గొట్టాల పొడవు 582 మైళ్ళు. 1933 జూన్‌లో మొదలైన కాంక్రీటు 1935 మేకల్లా పూర్తయింది. 1936 మార్చి 1న, గడువుకి రెండేళ్ళ ముందు, డ్యామ్‌ని ప్రభుత్వానికి అప్పగించారు.

ఇక్కడిదాకా చదివితే ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనైనా పెట్టుకోదగ్గ కథ.

ధర లేని చావులు

1931 ఎండాకాలంలో సొరంగాలు మొదలయ్యేసరికి కార్మికులకి ఇళ్ళు లేవు. మహా మాంద్యం రోజులు. పని దొరుకుతుందని వేలమంది కుటుంబాలతో వచ్చి నది ఒడ్డున గుడారాలేసుకున్నారు. పగటి ఎండ 48 డిగ్రీలు దాటేది. తాగేది నది నీళ్ళు. వడదెబ్బకి నెలరోజుల్లో పదిమందికి పైగా పోయారు. ఆగస్టులో సొరంగం కూలీలని తక్కువ జీతం పనులకి మార్చడంతో సమ్మె మొదలైంది. చల్లటి మంచినీళ్ళు, మరుగుదొడ్లు, గనుల భద్రతా చట్టాల అమలు, ఇవీ వాళ్ళ కోరికలు. క్రో ఒక్కటీ ఒప్పుకోలేదు. దేశంలో ఎక్కడ చూసినా నిరుద్యోగులే కాబట్టి సమ్మె వారంలోపే నీరుగారిపోయింది. అయినా తర్వాత నీళ్ళు మెరుగయ్యాయి, బౌల్డర్ సిటీ కాలనీలో ఇళ్ళు త్వరగా లేచాయి. మరుసటి వేసవిలో హార్వర్డ్ శాస్త్రవేత్తలు వచ్చి వడదెబ్బ గురించి పరిశోధించారు. ఒంట్లోంచి చెమటతో పోయే ఉప్పుని తిరిగి ఇవ్వకపోతే నీళ్ళు ఎంత తాగినా లాభం లేదని తేల్చారు. భోజనంలో ఉప్పు పెంచారు. వేడి విషయంలో సంస్థ నేర్చుకుందనే చెప్పాలి. అయితే చావులు, సమ్మె, ఆ తర్వాత విజ్ఞానం, ఇదీ వరస.

పొగ విషయంలో అదీ జరగలేదు. సొరంగాల్లో రాళ్ళు మోయడానికి పెట్రోలు లారీలు వాడారు. గాలాడని చోట వాటి పొగ అంటే కార్బన్ మోనాక్సైడ్. భూగర్భంలో పెట్రోలు బళ్ళు నడపకూడదని నెవాడా చట్టం. రాష్ట్రపు గనుల ఇన్‌స్పెక్టర్ ఆపమన్నాడు. కంపెనీ ఫెడరల్ కోర్టుకి వెళ్ళి, లారీలు నడుపుకునేలా ఉత్తర్వు తెచ్చుకుంది. కరెంటు బళ్ళకి మారితే ఖర్చు, ఆలస్యం. ఆలస్యానికి రోజుకి 3,000 డాలర్లు. పొగ పీల్చినవాడికి కాంట్రాక్టులో ధర ఏమీ రాసి లేదు.

సొరంగం కార్మికుల్లో నలభైమందికి పైగా న్యుమోనియాతో పోయినట్టు రికార్డుల్లో ఉంది. అది న్యుమోనియా కాదు, పొగ అని కార్మికులు అనేవారు. డ్యామ్ అధికారిక మృతుల సంఖ్య 96. న్యుమోనియా చావులు అందులో లేవు, ఎందుకంటే అవి ‘పనిలో ప్రమాదం’ కిందికి రావు. పొగతో ఆరోగ్యం పోయిందని కొందరు కార్మికులు దావాలు వేశారు. 1936లో కంపెనీ కోర్టు బయట, సొమ్మెంతో చెప్పకుండా, రాజీ చేసుకుంది.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. జంబో లారీ తయారుచేసిన బుర్రలే ఇవి. పరంజాలో పోయే గంటని పట్టుకున్న కళ్ళు పొగని పట్టుకోలేవా? తెలివి లేక కాదు. సంస్థ తనకి తగిలిన దెబ్బనే గుర్తుపెట్టుకుంటుంది. దెబ్బ వేరేవాళ్ళకి తగిలి, లెక్క వేరే ఖాతాలోకి పోతే, అందులో దానికి నేర్చుకోవాల్సిందేమీ కనబడదు. మరణం ప్రమాదం గడిలోంచి న్యుమోనియా గడిలోకి మారగానే పాఠం చెరిగిపోయింది.

అయిదు సెంట్ల ఆసుపత్రి

ఇదే కాంట్రాక్టర్ల చుట్టూ రెండేళ్ళకే ఇంకోటి జరిగింది. 1933లో కొలరాడో నదీ జలాలని లాస్ ఏంజిల్స్ వైపు తీసుకుపోయే కాలువ పని ఎడారిలో నడుస్తోంది. వేలమంది కార్మికులు, దగ్గర్లో ఆసుపత్రి లేదు. సిడ్నీ గార్ఫీల్డ్ అనే కుర్ర డాక్టరు అప్పు చేసి, డెసర్ట్ సెంటర్ అనే చోట పన్నెండు పడకల ఆసుపత్రి పెట్టాడు. రోగులొచ్చారు, డబ్బు రాలేదు. బీమా కంపెనీలు బిల్లులకి కొర్రీలు పెట్టేవి, పెద్ద దెబ్బ తగిలితే నగరానికి తీసుకుపోయేవి. ఆసుపత్రి మూతపడే స్థితికి వచ్చింది.

అప్పుడు ఇండస్ట్రియల్ ఇండెమ్నిటీ అనే బీమా కంపెనీలో పనిచేసే హెరాల్డ్ హ్యాచ్ ఒక మార్గం చెప్పాడు. అతను మొదట ఇంజనీరు. ఆ కంపెనీ కాంట్రాక్టర్ల బీమా చూసేది, కైజర్ మనుషులకి అందులో పట్టుంది. ప్రమాదం జరిగాక బిల్లు కట్టేబదులు, మనిషికి రోజుకి అయిదు సెంట్ల చొప్పున డాక్టరుకి ముందే ఇచ్చేస్తామన్నాడు. మామూలు జబ్బులకి కార్మికులు ఇష్టమైతే ఇంకో అయిదు సెంట్లు జీతంలోంచి కట్టొచ్చు.

లెక్క తిరగబడింది. అంతకుముందు దెబ్బలు ఎక్కువైతే డాక్టరుకి ఆదాయం. ఇప్పుడు దెబ్బలు తగ్గితేనే మిగులు. గార్ఫీల్డ్ సైట్ల మీదికి వెళ్ళి చెక్కల్లో పొడుచుకొచ్చిన మేకులు పీకించడం మొదలుపెట్టాడని చెప్తారు. పొద్దున పీకిన మేకు సాయంత్రం పుండు కాదు. అదే ఎడారి, అలాంటి కార్మికులే, అదే తరహా కాంట్రాక్టర్లు. మారింది ఖర్చు ఎవరి పద్దులో పడుతుందన్నది ఒక్కటే.

1938లో వాషింగ్టన్ రాష్ట్రంలో గ్రాండ్ కూలీ డ్యామ్ రెండో దశ కాంట్రాక్టు హెన్రీ కైజర్ బృందానికి వచ్చింది. తెలుగు చెవికి ఆ పేరు ఎంత ఉచితంగా వినబడుతుందో చెప్పక్కర్లేదు. అక్కడ ‘కూలీ’ అంటే ఎండిపోయిన పాత నదీ మార్గం, ఫ్రెంచి నించి వచ్చిన మాట. కైజర్ కొడుకు ఎడ్గర్, గార్ఫీల్డ్‌ని అక్కడికి పిలిపించాడు. ఈసారి కార్మికుల కుటుంబాలనీ పథకంలో కలిపారు. తర్వాత యుద్ధకాలంలో ఓడల యార్డుల్లో ఇదే పథకం వేలాదిమందికి పెరిగింది. 1945లో బయటి జనానికీ తలుపులు తెరిచింది. అదే కైజర్ పర్మనెంటే. కాలిఫోర్నియాలో ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో చాలామంది పిల్లలు పుట్టింది ఆ ఆసుపత్రుల్లోనే. ఆ మూలం ఒక ఎడారి కాలువ పనిలో ఉందని ఎంతమందికి తెలుసో.

‘పర్మనెంటే’ అన్న మాటకీ కట్టుబడితోనే సంబంధం. షాస్టా డ్యామ్ టెండరులో కైజర్ ఓడిపోయాడు. గెలిచిన సంస్థకి పని నడిపింది మళ్ళీ ఫ్రాంక్ క్రోయే. ఓడినవాడు ఊరుకోలేదు. డ్యామ్‌కి సిమెంటు నేనిస్తానని తక్కువ ధర చెప్పి, అంతకుముందు సిమెంటు చేసిన అనుభవం లేకపోయినా, కూపర్టినో దగ్గర పర్మనెంటే అనే వాగు పక్కన 1939లో ఫ్యాక్టరీ కట్టేశాడు. కంకర, ఇసుక రైల్లో కాకుండా తొమ్మిదిన్నర మైళ్ళ కన్వేయర్ బెల్టు మీద డ్యామ్ దగ్గరికి పంపాడు. డ్యాములు కట్టి కట్టి అతనికి వంటబట్టింది కాంక్రీటు పోయడం ఒక్కటే కాదు. తెలీని పనికి కూడా సమయానికి సరుకు, మనుషులు, డబ్బు చేర్చడం.

నాలుగున్నర రోజుల ఓడ

ఆ విద్యకి అసలు పరీక్ష 1941లో వచ్చింది. జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్న ఓడలకంటే వేగంగా కొత్తవి కట్టాలి. కైజర్ ఒక పక్క పోర్ట్‌లాండ్‌లో, ఇంకో పక్క రిచ్‌మండ్‌లో యార్డులు తెరిచాడు. పోర్ట్‌లాండ్‌కి కొడుకు ఎడ్గర్, రిచ్‌మండ్‌కి క్లే బెడ్‌ఫోర్డ్. ఇద్దరూ గ్రాండ్ కూలీ దగ్గర తయారైనవాళ్ళు. 1939 మేలో అక్కడ ఒకే రోజులో 20 వేల ఘనపు గజాలకు పైగా కాంక్రీటు పోసి రికార్డు పెట్టారు. ఓడ ఎలా కడతారో ఇద్దరికీ తెలీదు.

తెలీకపోవడం కలిసొచ్చింది. ఓడల కార్ఖానాల్లో పెద్దవాళ్ళు కింది పలక నించి పైకి, రివెట్ తర్వాత రివెట్ కొట్టుకుంటూ ఓడని ఒకేచోట కట్టేవారు. వీళ్ళు డ్యామ్‌ని చూసినట్టే ఓడనీ చూశారు. హూవర్‌ని దిమ్మెలు దిమ్మెలుగా పోసినట్టు ఓడని ముక్కలుగా విడగొట్టి, పక్కన విశాలమైన స్థలంలో వెల్డింగ్ చేసి, క్రేన్లతో తెచ్చి అతికించారు. పని ముక్కలవడంతో ఏళ్ళ తరబడి శిక్షణ అక్కర్లేకపోయింది. హూవర్ దగ్గర ఏ సమయంలో చూసినా నల్లజాతి కార్మికులు పదుల్లోనే ఉండేవారు, అదీ తగాదా పడితే. ఇప్పుడు మగవాళ్ళు సైన్యంలోకి పోయారు కాబట్టి నల్లవాళ్ళనీ, ఆడవాళ్ళనీ వేలల్లో తీసుకున్నారు. కొరత వస్తే సంస్థ ఎంత తొందరగా మనసు మార్చుకుంటుందో!

తొలి లిబర్టీ ఓడలకి 200 రోజులకు పైగా పట్టేది. తర్వాత సగటున 40 రోజుల చిల్లరకి వచ్చింది. 1942 సెప్టెంబర్‌లో పోర్ట్‌లాండ్ యార్డు ఒక ఓడని పది రోజుల్లో దింపితే, నవంబర్‌లో రిచ్‌మండ్ యార్డు ‘రాబర్ట్ ఇ. పియరీ’ని నాలుగున్నర రోజుల చిల్లరలో నీళ్ళలోకి వదిలింది. అది పోటీ కోసం చేసిన ప్రదర్శన, రోజూ జరిగే పని కాదు. సగటు తగ్గడం మాత్రం నిజం.

అర్థశాస్త్రంలో ‘చేస్తూ నేర్చుకోవడం’ అనే పాఠానికి ఈ ఓడలు పెద్ద ఉదాహరణగా నిలబడిపోయాయి. 1936లో టి. పి. రైట్ విమానాల తయారీలో గమనించాడు, ఉత్పత్తి రెట్టింపయిన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఒకే నిష్పత్తిలో తగ్గుతోందని. 1965లో లెనార్డ్ రాపింగ్ లిబర్టీ ఓడల లెక్కలతో అలాంటిదే చూపించాడు. చేస్తూ పోతే చాలు, నేర్పు తనంతట అదే వస్తుందని చాలామంది నమ్మారు. 2001లో పీటర్ థాంప్సన్ పాత రికార్డులు తిరగేసి ఇంకో సంగతి చెప్పాడు. ఆ వేగంలో కొంత భాగం కొత్త క్రేన్లు, యంత్రాల మీద పెట్టిన పెట్టుబడిది. ఇంకొంత, నాణ్యత తగ్గించడం వల్ల వచ్చినది.

ఆ నాణ్యత ధర అప్పుడే కనబడింది. 1943 జనవరి 16 రాత్రి, పోర్ట్‌లాండ్‌లో కైజర్ యార్డు కట్టిన ‘షెనెక్టడీ’ అనే ట్యాంకర్ రేవులో కట్టేసి ఉండగానే, అలలూ లేవు, తుపానూ లేదు, పెద్ద చప్పుడుతో నడుమ విరిగింది. లిబర్టీ ఓడల్లోనూ చాలావాటికి బీటలొచ్చాయి. అందరూ వెల్డర్లని, అందులోనూ కొత్తగా చేరినవాళ్ళని అనుమానించారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహ శాస్త్రవేత్త అసలు దోషం ఉక్కుదని చూపించింది. చల్లటి నీళ్ళలో ఆ ఉక్కు సాగే గుణం పోయి గాజులా పెళుసెక్కుతుంది. రివెట్లు కొట్టిన ఓడలో బీట ఒక పలకతో ఆగుతుంది. అతుకులేని వెల్డింగ్ ఓడలో ఆగకుండా పరిగెడుతుంది. ఓడ విరిగింది అందరూ చూశారు, యుద్ధంలో ఓడ పోతే దేశానికే దెబ్బ. అందుకే దాన్ని ఎవరూ న్యుమోనియా గడిలో రాయలేకపోయారు. డిజైను మార్చారు, బీట పాకకుండా అడ్డుకట్టలు పెట్టారు.

గుంపు మేస్త్రీ పుస్తకం

ఈ కథ మనదాకా కూడా వచ్చింది. గ్రాండ్ కూలీలో పనిచేసిన హార్వీ స్లోకమ్ అనే అమెరికన్‌ని 1952లో భాక్రా డ్యామ్ కట్టించడానికి మన ప్రభుత్వం పిలిపించుకుంది. క్రోలాగే ఇతనూ డ్యామ్ నించి డ్యామ్‌కి నడిచిన జ్ఞాపకమే. నాగార్జునసాగర్ దారి వేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్‌ని కాంక్రీటుతో కాక రాతి కట్టుబడితో లేపారు. యంత్రాలకి విదేశీ మారకం లేదు, మనుషులు మాత్రం ఉన్నారు. హూవర్ దగ్గర కేబుల్‌వే చేసిన పని ఇక్కడ నెత్తిన తట్టలు చేశాయి.

ఆ మనుషుల్లో పాలమూరు వాళ్ళది ప్రత్యేకమైన చరిత్ర. కరువు తరిమితే గుంపు మేస్త్రీ దగ్గర పేష్గీ తీసుకుని, ఇల్లూ పిల్లల్నీ ముసలివాళ్ళకి వదిలి, దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి పోయారు. కాలువ గట్టు ఎలా కొట్టాలో, తేమ చూసి మట్టి ఎప్పుడు దిమ్మిస కొట్టాలో, ఏ రాయి ఎటు పగులుతుందో వాళ్ళ చేతులకి తెలుసు. క్రో వెంట తిరిగిన గుంపుకీ వీళ్ళకీ నైపుణ్యంలో తేడా ఏమీ లేదు. కంపెనీలు వాళ్ళని తమ జ్ఞాపకంగా చూసుకోకపోవడంలోనే తేడా. సాగునీటి పనులతో మొదలై దేశమంతా పెరిగిన తెలుగు కాంట్రాక్టు కంపెనీలున్నాయి. వాటి ఆఫీసుల్లో యంత్రాల జాబితా ఉంటుంది, పూర్తిచేసిన పనుల సర్టిఫికెట్లుంటాయి, అవి చూపించే తర్వాతి టెండరుకి అర్హత వస్తుంది. ఆ పనులు చేసిన చేతుల జాబితా ఉండదు.

నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రాజెక్టు అయ్యాక అందరం కూర్చుని ఏం నేర్చుకున్నామో రాసుకుంటాం. సర్వరు ఎన్ని నిమిషాలు ఆగిందో అందులో ఉంటుంది, ఎందుకంటే నిమిషానికి ఇంత అని కాంట్రాక్టులో ఉంటుంది. రాత్రుళ్ళు మేలుకుని ఆరోగ్యం పాడుచేసుకున్నవాడి సంగతి ఉండదు. ఇదీ అదీ ఒకే తూకం అనను. సొరంగంలో పొగ పీల్చడం వేరు, ఏసీ గదిలో నిద్ర చాలకపోవడం వేరు. కానీ ఆ కాగితంలోకి ఏది ఎక్కుతుంది, ఏది ఎక్కదు అన్నది తేల్చే సూత్రం ఒకటే.

1996లో మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సుగా కట్టాలి, ఆ డబ్బు కార్మికుల సంక్షేమానికి. మంచి చట్టమే. కానీ గార్ఫీల్డ్ అయిదు సెంట్ల పక్కన పెట్టి చూస్తే ఒక లోటు కనబడుతుంది. సైటులో ఒక్కరికీ గీత పడకపోయినా ఒక శాతమే, పదిమంది పరంజా మీంచి పడినా ఒక శాతమే. ఈ సెస్సు వరకు చూస్తే, మేకు పీకినవాడికి మిగిలేదేమీ లేదు, పీకనివాడికి పోయేదేమీ లేదు. పోయినవాడి కుటుంబానికి కొంత డబ్బు అందొచ్చు. కాంట్రాక్టర్‌కి మాత్రం పాఠం అందదు.

కాంట్రాక్టర్లు కొత్తదనం తెలీని మనుషులన్న మన సినిమా అభిప్రాయం తప్పని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. వాళ్ళకి నేర్చుకోవడం చాలా బాగా తెలుసు. గడువు, జరిమానా, వృథా అయిన గంట, వీటి దగ్గర వాళ్ళంత చురుకైన విద్యార్థులు అరుదు. అందుకే మనం అడగాల్సింది వాళ్ళ తెలివి గురించి కాదు. ఏయే నష్టాలు వాళ్ళ పద్దులోకి చేరుతున్నాయి, ఏవి దారిలోనే ఇంకో పేరు మీద రాయబడి మాయమవుతున్నాయి అని అడగాలి. పాలమూరు గుంపుల విషయానికొస్తే, దేశంలో సగం డ్యాముల పనితనం మోసిన ఆ మనుషుల పేర్లు రాసి ఉన్న పుస్తకం ఏదైనా ఉందంటే అది గుంపు మేస్త్రీ దగ్గరే ఉండేది. అందులో ఒక్కో పేరు ఎదురుగా రాసి ఉండేది వాళ్ళకి వచ్చిన పని కాదు, తీసుకున్న పేష్గీ.